కొట్టేది ఒకడు, ఎగిరేది ఇద్దరు

ఇప్పటి ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టేది ఒకడు, ఎగిరేది ఇద్దరు. కొట్టినవాడు ఎగిరితే సరే, వాడి కాలి పుణ్యం. బంతి అందించినవాడు కూడా రెండు చేతులూ పైకెత్తి, కెమెరా ఎటుందో వెతుక్కుని మరీ ఛాతీ చరుచుకుంటున్నాడు. ఇదేం చోద్యమని అడిగితే మా మనుమడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "అసిస్ట్ తాతా. వానికి గూడ ఒకటి పడ్డది" అంటాడు.

పడ్డదట! ఎక్కడ పడ్డది, ఎవరు రాసిండ్రు, రాసి ఏం చేసుకుంటరు అని నిలదీస్తే పిల్లవాడు ఓపిగ్గానే చెప్పాడు. విన్నకొద్దీ నాకే ఒళ్ళు మండింది. రుద్రూర్‌లో పుట్టి, ఇక్కడి మళ్ళల్లో బంతి తన్ని, మోకాళ్ళు అరిగినవాణ్ని. పాస్ ఇచ్చినందుకు ఖాతా తెరుస్తారని ఎన్నడూ వినలేదు.

ఆ లెక్క ఇట్లా ఉంది. గోల్ కొట్టినవాడికి చివరగా బంతి అందించిన సొంత జట్టువాడు ఎవడో, వాడి పేరున ఒక అసిస్ట్ రాస్తారు. కాలితో తన్నినా, తలతో నెట్టినా, అటు చివరనుంచి గోల్‌కీపరే లేపి కొట్టినా సరే. అంతకుముందు అవతలివాళ్ళ కాళ్ళ నడుమ నుంచి బంతిని గుంజుకొచ్చినవాడికి సున్నా. బంతి తన దగ్గరికి వస్తుంటే కొట్టబోతున్నట్టు కాలెత్తి, ముట్టకుండా వదిలేసి, ఇద్దరు డిఫెండర్లను బోల్తా కొట్టించినవాడికీ సున్నాయే. ముట్టలేదు కదా మరి! నువ్వు ఎంత ముద్దుగా బంతిని ముందు పెట్టినా, అందుకున్నవాడు ఆకాశంలోకి తంతే నీ ఖాతా ఖాళీ. పాస్ అదే, శ్రమ అదే. తప్పు మాత్రం వాడిది, కోత నీకు. ఇక నడుమ అవతలి జట్టువాడి కాలికి తగిలి బంతి దారి మళ్ళిందనుకో, దానికి పెద్ద పంచాయతీ. ఒక కంపెనీ లెక్కలో అది అసిస్టు, ఇంకో కంపెనీ లెక్కలో కాదు. ఒకే ఆట, ఒకే గోల్, రెండు పద్దులు. మా ఊరి కిరాణా కొట్టులో ఇట్లా రాస్తే ఊరుకుంటామా?

ఈ లెక్క ఎంత గుడ్డిదో చెప్పడానికి నాకు ఒక్క సంవత్సరం చాలు. 1986. మెక్సికోలో వరల్డ్ కప్. జూన్ 22న ఇంగ్లండ్ మీద మారడోనా కొట్టిన రెండో గోల్ తెలియనివాడు ఉండడు. తమ సగంలోనే బంతి అందుకుని, గిర్రున తిరిగి, వచ్చినవాణ్ని వచ్చినట్టు దాటేసి, చివరికి గోల్‌కీపర్ షిల్టన్‌ను కూడా పక్కకు పడేసి లోపల పెట్టాడు. 2002లో ఫిఫా ఓట్లు వేయిస్తే శతాబ్దపు గోల్ అని దానికే కిరీటం పెట్టారు. మరి దానికి అసిస్ట్ ఎవరిదో తెలుసా? హెక్టర్ ఎన్రికేది. ఏం చేశాడాయన? సెంటర్ గీతకు ఇవతల, పక్కనే నిలబడ్డ మారడోనాకు చిన్న పాస్ ఇచ్చాడు. అంతే. అంత మంచి పాస్ ఇచ్చాక గోల్ కాక ఏమవుతుందని ఆయనే తర్వాత నవ్వులాటకు చెప్పుకునేవాడు. ఆయనకున్న ఇంగితం లెక్క రాసేవాళ్ళకు లేదు.

వారం తిరిగేసరికి ఫైనల్. జూన్ 29, మనకు అర్ధరాత్రి. దూరదర్శన్ ముందు మేం కళ్ళు నులుముకుంటూ కూర్చున్నాం. రెండు గోల్స్ వెనకబడ్డ పశ్చిమ జర్మనీ వరసగా రెండూ కొట్టి సమం చేసింది. మారడోనాను గుక్క తిప్పుకోనీయకుండా పట్టుకున్నారు, మైదానం నడుమ చుట్టూ జర్మన్లే. అట్లాంటి ఇరుకులో బంతిని ఆపకుండా, అది నేల మీద పడి లేస్తుండగానే ఒక్క తాపు తాకించాడు. అది డిఫెండర్ల నడుమ నుంచి జారిపోయి, పరుగెత్తే తనవాడు బురుచాగా ముందు పడింది. మూడో గోల్, కప్పు. ఆ పాస్‌ను నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుని చూడగలను. ఎన్రికేది ఒకటి, ఇదీ ఒకటి. పుస్తకంలో రెంటికీ విలువ ఒకటే! ఇది లెక్కా, లెక్క పేరు పెట్టుకున్న గుడ్డితనమా?

బాస్కెట్‌బాల్‌వాళ్ళను మాత్రం నేను అంతగా అనను. నిజామాబాద్‌లో చదివేటప్పుడు సిమెంటు కోర్టు మీద ఆ ఆట కూడా కొన్నాళ్ళు ఆడాను. అరికాళ్ళు కాలేవి. ఆ ఆటలో నిమిషానికి ఒకటి రెండు బాస్కెట్లు పడతాయి, కాబట్టి ఎవరు ఎవరికి ఇచ్చారో రాసుకుంటే ఆట నడక తెలుస్తుంది. అమెరికా ఎన్‌బీఏ మొదటి సీజన్, 1946-47 నుంచే అక్కడ అసిస్టులు రాస్తున్నారు. జాన్ స్టాక్టన్ అని ఒకాయన యూటా జాజ్ అనే ఒక్క జట్టుకే 19 సీజన్లు ఆడి 15,806 అసిస్టులు ఇచ్చాడు. అందులో ఎన్నెన్ని అదే జట్టు కార్ల్ మలోన్ చేతికే పోయాయో. 1990 డిసెంబర్ 30న స్కాట్ స్కైల్స్ అని ఇంకొకాయన ఒక్క ఆటలోనే 30 ఇచ్చాడు. ముప్ఫై! ఒప్పుకుంటాను, అది పనితనమే.

కానీ అక్కడా పంచాయతీ లేకపోలేదు. పాస్ అందుకున్నవాడు వెంటనే వేస్తే అసిస్టు. వాడు బంతిని నాలుగుసార్లు నేలకేసి కొట్టి, ఒకణ్ని అటు, ఒకణ్ని ఇటు తిప్పి వేస్తే? అది బల్ల దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్న మనిషి దయ. పాస్ అందుకుని వేయబోతున్నవాణ్ని అవతలివాడు ఫౌల్ చేస్తే, ఫ్రీ త్రో ఒకటి పడినా అంతర్జాతీయ లెక్కలో పాస్ ఇచ్చినవాడికి అసిస్ట్ ఉంది. అమెరికావాళ్ళ లెక్కలో లేదు. మంచు మీద ఆడే హాకీవాళ్ళే నాకు నచ్చారు. చివరగా ఇచ్చినవాడికే కాదు, అంతకుముందు ఇచ్చినవాడికి కూడా రాస్తారు. ఇద్దరి దాకా. చలిదేశంవాళ్ళకు ఆ మాత్రం ధర్మం తెలిసింది.

మా రోజుల్లో... ఈ మాట అనగానే మా మనుమడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. పెట్టుకోనీ.

మా రోజుల్లో వరికోతలు అయిపోయాక మడే మైదానం. ఒడ్లు తవ్వి చదును చేయనిస్తే పటేలు ఊరుకోడు కాబట్టి ఒక్క మడిలోనే ఆట. కొయ్యకాళ్ళు అరికాళ్ళల్లో గుచ్చుకునేవి. రెండు రోజులు ఆడితే అవి నలిగి మెత్తబడేవి, ఆ రెండు రోజులూ పెద్దవాళ్ళు మమ్మల్ని ముందు ఆడనిచ్చేవాళ్ళు, ఎందుకో తర్వాత అర్థమైంది. గోల్ అంటే రెండు కంపకట్టెలు. బంతి తోలుది, పొట్ట దగ్గర లేసు. లోపల బ్లాడర్. గాలి పోతే సైకిల్ షాపుకు పరుగు, పంపు కొట్టి, బ్లాడర్ మూతి మడిచి దారంతో కట్టి, లోపలికి తోసి, లేసు బిగించి వచ్చేసరికి సగం మంది ఇంటికి పోయేవాళ్ళు. లేసు ఉన్న వైపు తల తగిలితే నుదుటి మీద గీత పడేది. ఆ గీత చూసి ఇంట్లో అమ్మ మళ్ళీ ఆడొచ్చానని పట్టేసేది. కాల్వలో పడి తడిసిన బంతిని తలతో కొట్టినవాడు ఆ పూట చదువుకునే పరిస్థితి లేదు. చదివేవాళ్ళం అని కాదు.

స్కోరు బడి గోడ మీద ఇటుక పెంకుతో గీతలు. అంతే. ఎవరు కొట్టారన్నది గోడకు అక్కర్లేదు.

అయినా ఎవరు ఇచ్చారో ఊరందరికీ తెలుసు. మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న వరస, జీవితంలో గోల్ కొట్టి ఉంటాడో లేదో. మడి నడుమ నిలబడి, లుంగీ మోకాళ్ళ మీదికి కట్టి, బంతి రాకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకునేవాడు. బంతి వచ్చాక చూడడు. తాకిస్తాడు, అది పోయి ఎవడి ముందు పడాలో వాడి ముందు పడుతుంది. పడ్డాక "కొట్టురా" అని కూడా అనడు. గోల్ అయితే వెనక్కి తిరిగి తన చోటికి నడుస్తాడు, ఊడిన లుంగీ మడత సరిచేసుకుంటూ. రాత్రి హోటల్లో చాయ్ దగ్గర మాట ఏమిటి? "అన్న ఇచ్చిండు, పోరడు కొట్టిండు." ముందు ఇచ్చినవాడి పేరు, తర్వాతే కొట్టినవాడిది. నిజాంసాగర్ కాల్వ మీద తూము ఎత్తిన లష్కర్ పేరు ఏ పాస్‌బుక్కులోనూ ఉండదు, అయినా ఎవరి మడికి నీళ్ళు ఎవరు వదిలారో ఊళ్ళో చిన్నపిల్లవాణ్ని అడిగినా చెప్తాడు, ఇదీ అంతే.

ఇదంతా ఉత్త పొగడ్త అనుకునేరు. మా కాలంలో అన్యాయం లేదని నేననను. పక్క ఊళ్ళో ఒక టోర్నమెంట్ పెట్టారు. కమిటీ వాళ్ళ పేర్లెందుకు ఇప్పుడు. ఆఖరి ఆటలో గీత పొడుగునా నేను బంతిని లాక్కుపోయి, ఇద్దరిని దాటి, గోల్ ముందు నిలబడి చెవి గోక్కుంటున్న మావాడి కాలికి ఆన్చాను. ఆన్చాను అంటే ఆన్చాను. వాడు కాలు కదపకపోయినా అది లోపలికి పోయేది. గెలిచాం. బహుమతుల దగ్గర మైకులో వాడి పేరు పిలిచి స్టీలు గ్లాసు ఇచ్చారు, పేరు చెక్కించి మరీ. నాకు? చప్పట్లు కొట్టే పని. వాడు చాలా ఏళ్ళు ఆ గ్లాసుతోనే మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగేవాడు, తెచ్చుకుని మరీ.

ఇది చెప్తే మా మనుమడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "అంటే నీకు గూడ అసిస్ట్ కావాలె గద తాతా" అన్నాడు.

"ఊకోరా. నాకు గ్లాసు కావాలె" అన్నాను.

తేడా ఉంది. గ్లాసు అడగడం వేరు, గ్లాసు కోసం పాస్ ఇవ్వడం వేరు. మా బళ్ళో డ్రిల్ సారు హైదరాబాద్‌లో ఆడి వచ్చిన మనిషి. ఆయన మాతో వింత ఆట ఆడించేవాడు. బంతిని ఒక్కసారే ముట్టాలి. రెండోసారి ముట్టావో విజిల్, బంతి అవతలివాళ్ళది. అది ఆయన సొంత తెలివి అనుకునేవాళ్ళం. కాదట. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్, ఆయనా బడిపంతులే, డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవాడు. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో రకం పెట్టేవాడు. అట్లా తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా ఐదేళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. ఆయన చేతికింద దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1963లో క్యాన్సర్‌తో పోయాడు. ఇప్పుడు అజయ్ దేవగణ్ సినిమా వచ్చాక గానీ పిల్లలకు ఆ పేరు తెలియలేదు.

ఆ గెలుపుల పద్దు చూడండి. 1951 ఫైనల్, ఇరాన్ మీద ఒక్క గోల్, మేవాలాల్. 1956లో ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా మూడు. 1962 ఫైనల్, దక్షిణ కొరియా మీద రెండు: పీకే బెనర్జీ ఒకటి, తలకు దెబ్బతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి. క్విజ్ పుస్తకాల్లో ఉండేది ఈ పేర్లే. ఇచ్చినవాళ్ళకు గడి లేదు. రహీం సాబ్ నేర్పిందంతా ఇవ్వడమే, పద్దులో మిగిలింది కొట్టడం.

ముందువరసలో ఆ కాలంలో మూడు పేర్లు కలిపి చెప్పేవాళ్ళు. పీకే, చునీ, బలరాం. మూడోవాడు మనవాడు, సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం. ఎడమవైపు ఆడమంటే ఎడమ, నడుమ ఆడమంటే నడుమ, వెనక్కి వచ్చి బంతి తీసుకుపొమ్మంటే అదీ. ఒంట్లో బాగుండక 27 ఏళ్ళకే ఆట మానేశాడు. పీకేకు పద్మశ్రీ, చునీ గోస్వామికి పద్మశ్రీ. బలరాంకు అర్జున దగ్గరే ఆగిపోయింది. బెంగాల్లోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో పోయాడు.

ఇక్కడ మనుమడు నన్ను మూలకు నెట్టాననుకున్నాడు. "అందుకే రాయాలె తాతా. అప్పట్ల అసిస్టులు రాసుంటే ఆయన ఎంత పెద్దోడో అందరికి తెలుస్తుండె" అన్నాడు.

"ఒరే, 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగరీ మీద బలరాం గోల్ కొట్టిండు. పెరూ మీద కొట్టిండు. అవి రాసిండ్రు గద? రాసి ఏం జేసిండ్రు?" అన్నాను.

వాడు ఇయర్‌ఫోన్ మళ్ళీ పెట్టుకున్నాడు.

వాడి బాధ ఆట కాదు, పాయింట్లు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే ఆపింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది కాబట్టి కొంప మునగలేదు. మావాడిది పైసల్లేనిది, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌వాళ్ళే పెట్టిన ఫాంటసీ. కాగితం మీద పదిహేను మందిని కొనుక్కుంటాడు. మిడ్‌ఫీల్డర్ గోల్ కొడితే ఐదు పాయింట్లు, ఫార్వర్డ్ కొడితే నాలుగు, అసిస్ట్ ఇస్తే మూడు. పెనాల్టీ ఏరియాలో ఒకడు కాలు తగిలి కిందపడి, ఇంకొకడు పెనాల్టీ కొడితే, పడ్డవాడికి కూడా మూడు! అసలు లెక్కలో అది అసిస్టే కాదు, ఈ ఆటలో మాత్రం అవుతుంది. కిందపడటానికి కూలీ ఇచ్చే రోజులు వచ్చాయి.

రాత్రి రెండు గంటలకు పక్క గదిలోంచి కేక వినిపిస్తే గోల్ అయిందనుకుని లేచి వెళ్ళాను. మ్యాచ్ పెట్టనే లేదు. ఫోన్‌లో పచ్చటి గీత మీద అంకెలు మారుతున్నాయి, అది చూసి అరిచాడు. ఆ లీగ్‌లో హెన్రీ 2002-03లో 20 అసిస్టులు ఇచ్చాడని, డిబ్రూయ్‌నే 2019-20లో సరిగ్గా అన్నే ఇచ్చాడని గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. 2010 వరల్డ్ కప్‌లో ముల్లర్, విల్లా, స్నైడర్, ఫోర్లాన్ నలుగురూ ఐదేసి గోల్స్ కొడితే, మూడు అసిస్టులు ఉన్నందుకు గోల్డెన్ బూట్ ముల్లర్‌కు పోయిందనీ చెప్తాడు. అంటే చూశారా, గోల్స్ కొట్టినవాళ్ళ బహుమతి కూడా పాస్‌ల లెక్కతో తేలుతోంది. దీని మీద నాకు ఎటు కోపం రావాలో తెలియడం లేదు. నా స్టీలు గ్లాసు రోజున ఈ రూలు ఉండాల్సింది.

ఇన్ని తెలిసినవాణ్ని ఒక్కటి అడిగాను. "మన నిజామాబాద్ జిల్లా పిల్ల, గుగులోత్ సౌమ్య, ఎవరు?" నోరు తెరవలేదు. భారత జట్టులో రెక్క మీద ఆడుతుంది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళలు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది, ఆ ఏడు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అని ఫెడరేషన్ అవార్డు ఇచ్చింది. మాంచెస్టర్‌లో ఎవడు ఎవడికి ఎన్ని పాస్‌లిచ్చాడో తెలిసిన పోరడికి, బస్సెక్కితే చేరే దూరంలోని పిల్ల పేరు తెలియదు. ఆమెను కొనుక్కోవడానికి ఆ ఫోన్‌లో వీలులేదట, అందుకని.

నా సణుగుడు భరించలేక ఎండాకాలం సెలవుల్లో ఊరి పోరలు పెట్టుకున్న ఆటలకు నన్నే స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "నువ్వే రాయి తాతా, ఎట్ల రాయాల్నో" అన్నారు. పొడుగు నోట్‌బుక్కు తెప్పించి, స్కేలుతో గీతలు కొట్టి మూడు గడులు పెట్టాను: కొట్టినవాడు, ఇచ్చినవాడు, వాడికి ఇచ్చినవాడు. మంచు హాకీవాళ్ళ పద్ధతి. సగం ఆటదాకా బాగానే నడిచింది. తర్వాత కార్నర్ దగ్గర నుంచి వచ్చిన బంతి అవతలివాడి మోకాలికి తగిలి మావాడికి అందింది, వాడు కొట్టాడు. తగిలింది కాబట్టి అసిస్ట్ లేదని ఒకడు, తగల్లేదు గాలి తగిలిందని ఒకడు, తగిలినా ఇవ్వొచ్చని ఇంకో కంపెనీ రూలు ఫోన్‌లో చూపిస్తూ మా మనుమడు. ముగ్గురూ నా బల్ల మీద పడ్డారు. ఇచ్చినవాడి గడిలో పేరు రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. వీడియో తీసిన పోరణ్ని పిలిస్తే సరిగ్గా ఆ క్షణానికి కెమెరా ముందు నుంచి ఒక మేక నడిచిపోయింది. మేక ఎవరిదని అడిగితే ఎవరూ తమది అనలేదు. ఇచ్చినవాడి ఇంటిదని అవతలి జట్టువాళ్ళు అంటున్నారు.